మావి ముక్క

ఏప్రిల్‌లో మా కోడలు నీవెస్‌కు కాన్పయింది. నగరం నుంచి వచ్చిన నర్సు ఒఫేలియా, బిడ్డ వెనక పడిన మావి అడిగింది. మా కొండల్లో మావి నేలతల్లి పచమామకే చెందుతుంది, గొయ్యి తీసి పాతిపెడతాం. ఇంకెవరికీ ఇవ్వం.

"బొటనవేలంత ముక్క చాలు పెద్దమ్మా. మీ నీళ్లలోని ఆర్సెనిక్, సిగరెట్లలోని కాడ్మియం బిడ్డదాకా ఎంత చేరాయో చూస్తాం. తరతరాలుగా మీ రక్తంలో వస్తున్న గుణమేదో ఆర్సెనిక్‌ను త్వరగా బయటికి పంపేస్తోందేమో కూడా తెలుస్తుంది."

"పరీక్షయ్యాక మిగిలింది తెచ్చిచ్చెయ్. లేదంటే ఆ గోతిలో నిన్నే పాతిపెడతా," అన్నాను.

నీవెస్ కడుపుతో ఉన్నన్నాళ్లూ ఈ ఒఫేలియాయే వచ్చినప్పుడల్లా "రోజుకెన్ని?" అని ప్రాణం తీసి సిగరెట్లు మాన్పించింది. కోడలు మానేశాక దాని ఎదుట తాగడానికి సిగ్గేసి నేనూ మానేశాను.

ఆగస్టు ఒకటిన, పచమామ పండగ రోజు, ఒఫేలియా మిగిలిన ముక్కను చిన్న సీసాలో పట్టుకుని వచ్చింది. కాడ్మియం చాలా తక్కువగా ఉందట. నా కడుపు నిండిపోయింది. మావి పాతిన చోటే మళ్లీ తవ్వి, ముక్కను పెట్టి, కోకా ఆకులు వేసి, చిచా కల్లు పోశాం. ఇక సిగరెట్ వెలిగించి నేలలో గుచ్చితే తల్లి తాగుతుంది. కానీ ముందు ఎవరో ఒకరు నోట పెట్టుకుని అంటించాలి.

"మేమిద్దరం మానేశాం. ఇప్పుడెవరు అంటిస్తారు?" అన్నాను.

ఒఫేలియా సిగరెట్ అందుకుంది. అంత ఎదురుగాలిలో ఒక్క అగ్గిపుల్లతో అంటించి, దగ్గకుండా రెండు దమ్ములు లాగి, నేలలో గుచ్చింది.

నీవెస్ బిడ్డను భుజం మార్చుకుంటూ అడిగింది.

"రోజుకెన్ని?"