కుండీకో మగ్గు

మొగుడు పోయిన ఏడాదికి దాలమ్మకు రైల్వేలో పని దొరికింది. ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీది పూలకుండీలకు నీళ్లు పోయడం. ప్రస్తుతానికి టెంపరరీ. మే నెలాఖరున పెద్దసాహెబు ఇన్‌స్పెక్షన్‌కొచ్చి కుండీలు బాగున్నాయంటే పర్మనెంటు, లేదంటే ఇంటికి. ఆ ఇల్లు కూడా మొగుడికిచ్చిన రైల్వే క్వార్టరే. పని పోతే అదీ ఖాళీ చేయాల్సిందే. 

మొత్తం నలభై కుండీలు. ఆ వేసవిలో నీళ్లకు కటకట వచ్చి, మొక్కలకు రోజుకు నాలుగు బకెట్లే అన్నారు. దాలమ్మ తడుముకోలేదు. తనుండే న్యూ సెటిల్‌మెంట్ కాలనీ కుళాయి దగ్గర ఇరవై ఏళ్లు లైన్లో నిలబడ్డ మనిషి. అక్కడ ఇంటికి రెండు బిందెలు; చుక్క ఎక్కువ పట్టుకున్నవాళ్ల పని ఆ పూట అయిపోయినట్టే. ఆ న్యాయమే ఇక్కడా నడిపింది. కుండీకో మగ్గు. మందారకూ మగ్గే, కాగితంపూల మొక్కకూ మగ్గే. ఒకదానికి ఎక్కువ పోస్తే పాపం తగులుతుందన్నట్టు కొలిచి పోసేది, పిచ్చితల్లి.

పది రోజులకు మందారాలు ఆకు రాల్చేశాయి. కాగితంపూల మొక్కలేమో ఒక్క పువ్వూ లేకుండా ఏపుగా ఆకులేసుకుని కూర్చున్నాయి. దాలమ్మ తను తాగడానికి తెచ్చుకున్న నీళ్లు కూడా మందారాలకు పోసి, ఎండలో గొంతెండి తిరిగేది.

రిటైరవబోతున్న ముసలి మాలీ సమూయేలు అది చూసి నెత్తి కొట్టుకున్నాడు.

“ఏటమ్మా, ఇది కుళాయి లైననుకున్నావేటి? దేనికి దాహవో సూడవా?”

“మొక్కల దాహం నాకెలాగ తెలుస్తాది, అన్నా?”

“కుండీ ఎత్తి సూడు. తేలిగ్గుంటే పొయ్యి. బరువుగుంటే లోన తడుంది, దాని జోలికెల్లకు. కాగితంపూల మొక్కనైతే కాస్త ఎండనియ్యి, అప్పుడే పూస్తాది.”

ఆ రోజు నుంచి దాలమ్మ పొద్దున్నే నలభై కుండీలూ ఒక్కొక్కటే ఎత్తి చూసి పోసేది. నడుం విరిగిపోయేది. అయినా మూడు వారాల్లో కాగితంపూలు విరగబూశాయి, మందారాలు తేరుకున్నాయి. ఒక్క మందార మాత్రం ఉత్త కొమ్మలతో మిగిలింది.

ఇన్‌స్పెక్షన్ రోజు ఆఫీసు గుమాస్తా గణపతిరావు దండ పట్టుకుని హడావిడిగా వచ్చాడు.

“దాలమ్మా, నువ్వు పార్సెల్ ఆఫీసు ఎనక్కెల్లు. సాహెబొస్తుంటే ముండమోపివి ఎదురొస్తావేటి? ఆ ఎండిపోయిన కుండీ కూడా అట్టుకుపో.”

ఇలాంటి మాటలు ఏడాదిగా పడుతూనే ఉంది. తను వెనక్కి వెళ్లి, గోడ చాటు నుంచి చూస్తూ నిలబడింది. కుండీని మాత్రం కదపలేదు. ఉన్నచోటే అయితే దానికి పొద్దుటెండ తగులుతుంది మరి.

సాహెబు బెంగాలీ పెద్దమనిషి. పూలన్నీ చూసుకుంటూ వచ్చి, ఆ మందార దగ్గర ఆగాడు. “ఇదేమిటి?”

“చచ్చిపోయింది సార్, ఇప్పుడే పారేయిస్తాను,” అన్నాడు గణపతిరావు.

“సావలేదు బాబూ!” అంటూ దాలమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆమెకు హిందీ సగమే వచ్చు, మిగతా సగం తెలుగులోనే కానిచ్చింది. “నానే సేసినాను బాబూ. అన్నిటికీ సమానంగా పోసి దీన్ని ఎండగట్టేసినాను. అయినా బతికే ఉంది, సూడండి.” గోటితో కొమ్మ మీద గీరింది. బెరడు కింద పచ్చగా ఉంది.

సాహెబు కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. ఎలా పోస్తావని అడిగితే ఆమె కుండీ ఎత్తి చూపించింది. తర్వాత, “ఇన్ని పూలు పూయించినదానివి, ఆ వెనకెందుకున్నావు?” అన్నాడు.

దాలమ్మ గణపతిరావు వైపు చూసి తల దించుకుంది. సాహెబుకు అర్థమైంది.

“ఠీక్ హై. ఈ కుండీ ఇక్కడే ఉంటుంది,” అన్నాడు గణపతిరావుతో. “ఈ దీదీ కూడా. ఇక్కడే, ముందు వరసలో.”

పర్మనెంటు కాగితం వారం తర్వాత వచ్చింది గానీ, దాలమ్మ ఏడ్చింది మాత్రం ఆ మాట విన్నప్పుడే, అందరి ముందూ నిలబడి.