పచ్చినీళ్ళు ఇవ్వని వార్డు

మా పుత్తన్‌తుర వార్డుకి నాలుగు దిక్కులా నీళ్ళే. ఇంటి ముందు కాలువ, ఇంటి వెనక వరిపొలం, పొలం దాటితే ఉప్పునీళ్ళ కయ్య. వానాకాలంలో వంటింట్లోకి కూడా నీళ్ళొస్తాయి. ఆ రోజుల్లో మేం చేపలకి గాలం వెయ్యం, తలుపు తీసి ఉంచుతాం, అంతే. ఇన్ని నీళ్ళున్నా తాగడానికి పనికొచ్చే గుక్కెడు మాత్రం దొరకవు. వారంలో నాలుగు రోజులు నీళ్ళ పడవ వస్తుంది. రాని రోజున ఇంటి బావే గతి.

పడవ హారన్ వినపడగానే బిందెతో రేవుకి పరిగెత్తేవాళ్ళలో మా వార్డు మెంబర్ ఓమన చేచ్చి ముందుంటుంది. చేచ్చి అంటే మా వైపు అక్క. మెంబరని ఎవరూ దారివ్వరు. ఆమె మోచేతులతో దారి చేసుకుంటుంది. ఆ మోచేతులు చూసే మేం ఓట్లేశామని ఊళ్ళో అనుకుంటారు.

కిందటి వానల్లో చేచ్చి కూతురు ఆతిరకి కామెర్లు వచ్చాయి. నర్సింగ్‌లో చేరాల్సిన ఏడాది కాస్తా మంచంలోనే గడిచిపోయింది. అప్పట్నుంచీ చేచ్చికి ఒకటే ధ్యాస, వార్డుకి పైపు నీళ్ళు రావాలి. ఈ ఏడాది అవకాశం వచ్చింది. వరద తీశాక రాష్ట్రమంతా బావుల నీళ్ళు పరీక్షించి, మరీ చెడిపోయిన వార్డులకి ముందు పైపులు వేస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆ జాబితా శుక్రవారం మూసేస్తారు. అంటే మా నీళ్ళు చెడ్డవని తేలి తీరాలి. చేచ్చి గుళ్ళో దీపం పెట్టింది, చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది. మా బావుల్లో క్రిములు దండిగా ఉండేట్టు చూడు తండ్రీ అని మొక్కుకుంది. ఇలాంటి మొక్కు దేవుడు అంతకుముందు విని ఉండడు.

నా పేరు ప్రజీష్. జిల్లా నీటి పరీక్షల లాబ్‌లో కాంట్రాక్టు ఉద్యోగిని. ఊరూరా తిరిగి నీళ్ళ నమూనాలు తెచ్చి ఇస్తాను. మామూలుగా బావిలోకి సీసా దించేది నేనే. వరద వల్ల జిల్లాలో అన్ని వార్డులూ ఒక్కసారే మీద పడ్డాయి, నేనేమో ఒక్కణ్ణి. అందుకని మా కెమిస్ట్ రెజీనా మేడం ఈసారికి ఇంటివాళ్ళనే నింపమంది. ఆవిరిలో ఉడికించి మూతలకి కాగితం చుట్టిన సీసాలు చేచ్చి చేతికిచ్చాను. చేచ్చి ఇంటింటికీ పంచి జాగ్రత్తలు చెప్పింది. సీసా కడగొద్దు, లోపల వేలు పెట్టొద్దు, మూత కింద పెట్టొద్దు, పీకలదాకా నింపొద్దు. వార్డు మొత్తం తు.చ. తప్పకుండా పాటించింది.

మరుసటి రోజు పొద్దున ఐసు పెట్టెలో సీసాలు సర్దుకుని లాబ్‌కి తెచ్చాను. మేడం సెలవులో ఉంటే అసిస్టెంట్ అన్నీ చూసి దించుకున్నాడు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ఫలితం వచ్చింది. క్రిములు సున్నా. ఒక్క ఇంట్లోనూ లేవు. వరదలో బాతులు, గేదెలు, మరుగుదొడ్లు అన్నీ కలిసి ఈదిన వార్డులో, ఒక్కటంటే ఒక్క క్రిమి లేదు. ఆ లెక్కన జిల్లా ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌ని మా బావుల్లోకి మార్చినా తప్పులేదు. ఈ కబురు పంచాయతీకి చేరి, సెక్రటరీ ఓమన చేచ్చికి ఫోన్ చేసి అభినందనలు చెప్పాడు. ఆదర్శ వార్డు అవార్డుకి పేరు పంపిస్తానన్నాడు. చేచ్చి ఆ ఫోన్ పెట్టేసి, వచ్చిన మొదటి పడవెక్కి నేరుగా లాబ్‌కి వచ్చింది.

లోపలికి వచ్చి కూర్చోలేదు. గొడుగు మడవలేదు. నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"మేడం, మా నీళ్ళు బాగున్నాయంట కదా," అంది, ఎవరో పోయారట కదా అన్నట్టు.

మేడం సెలవు నుంచి ఆ పొద్దునే వచ్చింది. మిగిలిన సీసా ఒకటి తీసి వెలుతురుకి పట్టింది. మూత తీసి వాసన చూసింది. ఇంకో సీసా వాసన చూసింది.

"ప్రజీషూ, మీ వార్డులో బావి నీళ్ళు ఏ రంగులో ఉంటాయి?"

"నీళ్ళ రంగులోనే మేడం."

"అంటే?"

"గులాబీ రంగు," అన్నాను.

అన్నాక గానీ నాకు వెలగలేదు. పుట్టిన దగ్గర్నుంచీ మా ఇంట్లో నీళ్ళంటే పతిముఖం అనే ఎర్ర చెక్క వేసి తెర్లేదాకా కాచి చల్లార్చిన నీళ్ళే. కొన్ని ఇళ్ళలో జీలకర్ర వేస్తారు, అవి పసుపుపచ్చగా ఉంటాయి. గ్లాసులో గులాబీ రంగు కనపడితే నా కళ్ళకి అవి నీళ్ళే. అసిస్టెంట్ కళ్ళకీ అంతే. లోకంలో నీళ్ళకి రంగుండదని బళ్ళో చెబితే, పరీక్షలో రాయడానికి మాత్రమే నమ్మాను.

సంగతేమిటో చేచ్చి అక్కడినుంచే ఫోన్లు చేసి కనుక్కుంది. అన్ని ఇళ్ళదీ ఒకటే జవాబు. ఇంటి గడప దాటి ఒకరికి నీళ్ళు వెళ్తుంటే, అదీ ప్రభుత్వానికి, పచ్చినీళ్ళు ఎలా పంపుతాం, మర్యాద ఉండక్కర్లేదా అన్నారు. ఒకావిడైతే ఏలక్కాయ కూడా వేశానని చెప్పుకుంది. చేచ్చి చెప్పిన జాగ్రత్తల్లో మరిగించొద్దన్నది లేదు. దొంగతనం చెయ్యొద్దని ఇంటికొచ్చిన చుట్టానికి ఎవరు చెబుతారు?

చేచ్చి గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"మా నీళ్ళు చెడ్డవని మీకు తెలుసు, నాకు తెలుసు. చెడ్డవనే రాసెయ్యండి మేడం. అబద్ధమేం కాదు కదా."

"నాకు తెలిసింది రాయడానికి లాబ్ ఎందుకు ఓమనా?" అంది మేడం. "సీసా ఏం చెబితే అదే రాయాలి. ఇవాళ నీకోసం చెడ్డవని రాస్తే, రేపు ఏ రొయ్యల ఫ్యాక్టరీ వాడో వచ్చి మంచివని రాయమంటాడు. అప్పుడు వాడికి ఏ మొహంతో కాదంటాను?"

పాత నమూనాలన్నీ చెల్లవని మేడం కొట్టేసింది. ఆ సాయంత్రంలోగా మళ్ళీ తెస్తే శుక్రవారానికి ఫలితం ఇస్తానంది. ఈసారి నేనే తోడాలి. గట్టు మీద తెల్లరంగుతో ప్రభుత్వం నంబరు వేసిన బావి ఒకటుంది కదా, ఆ నమూనా లేకపోతే వార్డు లెక్కలోకే రాదని గుర్తుచేసింది.

వెళ్ళబోతూ చేచ్చి ఆగి, అందరూ కాచిన నీళ్ళే తాగుతుంటే కామెర్లు ఎలా వచ్చాయని అడిగింది. తాగేవి కాస్తారు సరే, నోరు పుక్కిలించేవి, కంచాలు కడిగేవి కాస్తారా అంది మేడం. పడవలో సగం దూరం వచ్చాక చేచ్చి, ఆతిర రోజూ బావి దగ్గరే పళ్ళు తోముకుంటుంది అని నీళ్ళకేసి చూస్తూ అంది.

సీసాకి రాయి కట్టి బావుల్లోకి దించుతూ, చిన్న పడవలో ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లోనూ మొహాలు ముడుచుకున్నారు. మీ ఆఫీసుకి మేమొస్తే మాకూ ఇవే పోస్తారా అని ఒకాయన అడిగాడు. పచ్చినీళ్ళు పట్టనిచ్చిన అవమానం తుడిచేసుకోడానికి ప్రతి ఇల్లూ నాకో పెద్ద గ్లాసు గులాబీ నీళ్ళు తాగించింది. సగం వార్డు అయ్యేసరికి, ఆ సీసాల బదులు నన్ను లాబ్‌కి పంపినా మాకు ఆదర్శ వార్డు అవార్డు వచ్చేది.

చివరికి మిగిలింది నంబరు వేసిన బావి. అది మా వార్డులో పెద్దావిడ కుంజేలి అమ్మచ్చిది. ఇన్నాళ్ళూ ప్రభుత్వం వాళ్ళు వచ్చి టేపు దించి లోతు కొలుచుకుని పోయేవారు, బావిలో నీళ్ళు మాత్రం ఎవరూ తోడుకోలేదు. అమ్మచ్చి తెల్ల చట్ట రవిక తొడుక్కుని, తెల్ల ముండు పంచె కట్టుకుని, వరండాలో బల్ల మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. ఒళ్ళో తమలపాకుల పెట్టె. సంగతంతా విని తల అడ్డంగా ఊపింది.

"కుదరదు మోనే, కుదరదు నాయనా. ఈ ఇంటికి కల్లు గీసేవాడొచ్చినా, బిషప్పు తిరుమేని వచ్చినా కాచిన నీళ్ళే ఇచ్చాను. కావాలంటే కుండెడు కాచి ఇస్తా, పట్టుకుపో."

ఇవి తాగడానికి కాదని నేను చెప్పాను. తాగనివాళ్ళకి నీళ్ళెందుకు అంది. తిట్టడానికి అమ్మచ్చీ, ఈ నీళ్ళని కూర్చోబెట్టి తిడతారు అన్నాను. అయితే అసలు ఇవ్వను, నా బావిని ఎవరో తిడితే నేనెందుకు ఊరుకుంటాను అంది. నేను నోరు మూసుకోవడం మంచిదని చేచ్చి కళ్ళతోనే చెప్పింది.

తర్వాత చేచ్చి మెట్టు మీద కూర్చుంది. జాబితా గురించి, పైపుల గురించి చెప్పలేదు.

"అమ్మచ్చీ, ఆతిరకి అన్నం సహించని రోజుల్లో నువ్వు గంజి పంపావు గుర్తుందా?"

"ఉంది."

"ఈసారి వానలకి నేను మళ్ళీ ఆ గంజి అడగడానికి రాకూడదని, అంతే."

అమ్మచ్చి కాలువకేసి చూసింది. బాతులు వరసగా పోతున్నాయి. ఆ తర్వాత ఒళ్ళోని పెట్టె చేత్తో పట్టుకుని మెల్లగా లేచింది.

"నా తమలపాకుల పెట్టె ఎక్కడ పెట్టానో ఏమో. లోపల వెతకాలి. కాస్త టైం పడుతుంది," అంది. పెట్టె చేతిలో పట్టుకునే లోపలికి వెళ్ళింది.

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నేను సీసా దించాను. లోపల్నుంచి గొంతు మాత్రం వినిపించింది, ఎవరితోనో కాదు, గోడతో అంటున్నట్టు.

"గట్టు జారుడుగా ఉంది. అటు చేసే పనేదో జాగ్రత్తగా చెయ్యండి."

సీసా మూత బిగించి ఐసు పెట్టెలో పెట్టాకే తమలపాకుల పెట్టె దొరికింది. అమ్మచ్చి బయటికి వచ్చి నాకో గ్లాసు, చేచ్చికో గ్లాసు కాచిన నీళ్ళిచ్చింది. ఇద్దరం తాగేశాం.

శుక్రవారం మధ్యాహ్నం మేడం ఫోన్ చేసింది. మా వార్డులో ఇళ్ళన్నీ ఫెయిల్. క్రిములు పెంచి చూసే లాబ్ పళ్ళేలు కొన్నిట్లో గుంపులు లెక్కపెట్టడానికి వీల్లేనన్ని ఉన్నాయంది. చేచ్చి రేవు మెట్ల మీద కూర్చుని కొంగుతో కళ్ళొత్తుకుంది. తర్వాత లేచి ఇంటింటికీ ఉన్నియప్పాలు పంచింది. ఇంత ఘోరంగా తప్పి స్వీట్లు పంచుకున్న వార్డు రాష్ట్రంలో ఇంకోటి ఉండదు. మొన్న మొహం ముడుచుకున్నవాళ్ళే, పక్కింటి బావి కంటే తమ బావిలోనే ఎక్కువ ఉన్నాయని వాదులాడుకున్నారు. సాయంత్రానికి జాబితాలో మా పేరు ఎక్కింది. వానలు తగ్గాక పైపులు వేస్తారు. అప్పటిదాకా ప్రతి బావిలోనూ బ్లీచింగ్ పౌడర్ వెయ్యడం, నెలనెలా నమూనా తీసుకెళ్ళడం నా పని.

పౌడర్ బకెట్టుతో అమ్మచ్చి ఇంటికి వెళ్ళాను. ఆమె బావిదే అన్నిటికంటే చెడ్డ ఫలితం. ఎలా చెప్పాలా అని దారంతా మాటలు వెతుక్కున్నాను. నాకు హాస్యం కూడా తోచలేదంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

"ఆ మేడం నా బావిని ఏమందిరా?" అని తనే అడిగింది.

ఉన్నదున్నట్టు చెప్పేశాను. లెక్కపెట్టలేనన్ని ఉన్నాయన్నాను. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. గ్లాసు నిండా గులాబీ నీళ్ళు పోసి నా చేతిలో పెట్టింది.

"మరి ఇన్నేళ్ళుగా పొయ్యి దగ్గర కూర్చుని ఇవి ఎందుకు కాస్తున్నాననుకున్నావు, రంగు కోసమా? తాగు."