శ్రీశైలమ్మ బరువు

గోనెగండ్ల నుంచి ఎమ్మిగనూరుకు తిరిగే ఆటోవాళ్లు శ్రీశైలమ్మను ఎక్కించుకునే ముందు ఆమె మూతి చూస్తారు. మూతి తిన్నగా ఉంటే వెనక సీట్లో నలుగురి మధ్య ఇరికిస్తారు. కుడిపక్కకు తిరిగి ఉంటే ఇద్దరిని దించి కూర్చోబెడతారు. తిరగడమే కాక కింది పెదవి కూడా ముందుకొచ్చి ఉంటే, "అమ్మా, వెనకాల బస్సొస్తాంది, దాంట్లో రాపో" అని దండం పెట్టి వెళ్లిపోతారు.

ఎందుకంటే ఎవరినైనా చూసి ఏవగింపు పుడితే శ్రీశైలమ్మ బరువెక్కుతుంది. మామూలు రోజున జొన్నదంటు లాంటి మనిషి. ఎవడైనా తెలివితక్కువ పని చేస్తూ కంటబడితే జొన్న బస్తా అవుతుంది. వాడు ఆ పనికి తానే మురిసిపోతూ కనబడితే ఇక రోడ్డు రోలరే. ఆలూరులో ఒక పెళ్లిలో పెళ్లికొడుకు మేనమామ తన గొప్పలు మొదలుపెట్టినప్పుడు ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఆయన గొప్పలు సగమయ్యేసరికి కుర్చీ కాళ్లు నాలుగూ భూమిలో ఉన్నాయి. పూర్తయ్యేసరికి గుంటలో నీళ్లు పడ్డాయి. ఆ నీళ్లతోనే ఆ ఊళ్లో ఇప్పటికీ వేరుశనగ పండిస్తున్నారు. అబద్ధమనుకునేవాళ్లు ఆలూరు పోయి ఆ బావి నీళ్లు తాగి చూడవచ్చు, కొంచెం వగరుగా ఉంటాయి.

ఆదోని పత్తి మిల్లులో కాటా దగ్గరి గుమాస్తా అయితే ఆమెను చూడగానే, "అమ్మా, కాటా దిగి ఆ పక్కన నిలబడు. దిగలేనంటే ఎవరైనా మంచోళ్లను తల్చుకో" అనేవాడు. తల్చుకోవడానికి ఆమెకు దొరికేది ఒక్కడే, చచ్చిపోయిన మొగుడు మహానంది. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించడంలో అంతటివాడు తుంగభద్రకు ఇవతల ఇంకొకడు పుట్టలేదు. పిన్ను గుచ్చేవాడు, పిన్ను జారకుండా కింద క్లిప్పు పెట్టేవాడు, పిన్ను విరిగినా ట్రాలీ వదిలిపోకుండా గొలుసు అడ్డంగా చుట్టేవాడు. అంతా అయ్యాక రెండడుగులు పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, వంగి, క్లిప్పును ఇంకొకసారి లాగి చూసేవాడు. ట్రాలీ మీద మనిషిని కాదు గదా, కోడిని కూడా ఎక్కనిచ్చేవాడు కాదు.

అలాంటి ఇంటికి ఇల్లటం అల్లుడుగా వచ్చాడు ఈరేష్.

ఈరేష్‌ను చూసినప్పుడల్లా శ్రీశైలమ్మ కూర్చున్న మంచం కిర్రుమనేది. వాడికి ట్రాక్టరంటే పాటలపెట్టెకు చక్రాలు. డీజిలు పోయడం మరిచేవాడు గానీ ట్రాక్టరు అద్దానికి కుచ్చులు కట్టడం మరిచేవాడు కాదు. ట్రాలీ చక్రాలకు కందెన పెట్టమంటే, "శబ్దమొస్తేనే గదత్తా, మనమొస్తాండామని జనానికి తెలిసేది" అనేవాడు. ఆ మాటకు ఒకసారి మంచం నవారు తెగింది. కూతురు కవిత ఏడుస్తూ కొత్త నవారు అల్లింది.

ఆ ఏడు ఆయుధపూజకు ఈరేష్ రెచ్చిపోయాడు. ట్రాక్టరును, దాని రెండు చక్రాల ట్రాలీని కడిగి, ఒళ్లంతా పసుపు కుంకుమ పూశాడు. ట్రాలీ వెనక వెలుగు పడితే మెరవాల్సిన ఎర్ర బిళ్లలకు కూడా దట్టంగా పసుపు పట్టించాడు. ముందువైపు రెండు అరటిపిలకలు కట్టాడు. పిన్నును, క్లిప్పును ఊడబెరికి దేవుని గూట్లో సుత్తి పక్కన పెట్టాడు. గొలుసును తళతళా తోమి అమ్మవారి పటానికి దండలాగా వేశాడు. పూజలో పెట్టిన ఇనుమును పున్నమి దాకా ముట్టకూడదని వాళ్ల వంశంలో ఆచారమట. వాళ్ల వంశానికి ఏనాడూ ట్రాక్టరు లేదు, గడ్డపార ఒకటి ఉండేది. గడ్డపార పున్నమి దాకా గూట్లో ఉంటే ఎవరికీ నష్టం లేదు.

పండుగ మరునాడు ఆదోని మార్కెట్టుకు పత్తి కుక్కిన గోనె బోరాలు ట్రాలీకి ఎత్తాడు. అరటిపిలకలు నలిగిపోతాయని ముందు జాగా వదిలేసి బరువంతా వెనక్కి నెట్టాడు. పిన్ను పెట్టాల్సిన రంధ్రంలో ఒక పాత స్క్రూడ్రైవరు దిగేశాడు. ఎమ్మిగనూరులో దిగిపోతామని హులిగమ్మ, ఆమెతో పాటు పత్తి ఏరే ఆడవాళ్లు బోరాల మీద ఎక్కారు. కాటా దగ్గర చూసుకోవాలని కవిత కూడా ఎక్కి వెనక అంచున కూర్చుంది.

శ్రీశైలమ్మ వచ్చి ఆ రంధ్రం వంక చూసింది. కాళ్ల కింద మట్టి కుంగింది.

"ఏమప్పా ఈరేషూ, అదేంది?"

"స్క్రూడ్రైవరత్తా. గట్టిది."

"పిన్ను యాడ?"

"పూజలో ఉంది గదత్తా. పున్నమి దాకా తియ్యగూడదు."

"గొలుసు?"

"అమ్మవారి మెడలో ఉంది. ఇంక మనల్ని కాపాడే పని ఆమెదే." ఈరేష్ దండం పెట్టి నవ్వాడు. "నిమ్మకాయలు గూడా తొక్కిచ్చినాలే."

"నిమ్మకాయలను తొక్కిచ్చినావు సరే, వీళ్లను తొక్కిస్తావేమో! కవితా, దిగు. హులిగమ్మా, నువ్వూ దిగు."

హులిగమ్మ పైనుంచి పకపకా నవ్వింది. "దిగితే ఆటోకు మీ అల్లుడిస్తాడా వదినా? పత్తి మీద కూసుంటే పరుపు మీద కూసున్నట్లుంది. రా, నువ్వూ ఎక్కు!"

కవిత కిందికి వంగి చిన్నగా చెప్పింది. "అమ్మా, నీకు దండం పెడతా. ఈ ఒక్కదినమన్నా ఆయప్పను మనిషి లెక్కన జూడు. నీ మంచం కిర్రుమన్నప్పుడల్లా ఊరంతా ఆయప్పను జూసి నవ్వుతాంది. ఇంట్లో ఉండలేక యాడికన్నా పోతానంటాండాడు."

కూతురు దిగదు. దాన్ని వదిలి ఇంట్లో కూర్చోవడం తన వల్ల కాదు. శ్రీశైలమ్మ ట్రాలీ ఎక్కి, ముందువైపు అరటిపిలకల మధ్య కూర్చుంది. కూతురి కోసం అల్లుడిని గౌరవించాలని కళ్లు మూసుకుంది. వాడి దుర్గుణాలన్నీ ఒక్కొక్కటిగా పక్కన పెట్టింది. ఆ పనికే ఊరు దాటిపోయింది. మహానందిని తల్చుకుంది. చిన్నప్పుడు తిన్న అలసంద గుగ్గిళ్లు తల్చుకుంది. నిజంగానే తేలికైంది. ఎంత తేలికంటే, గాలికి కొంగుతో పాటు ఆమె కూడా కొంచెం లేచింది.

అదే కొంప ముంచింది. ముందు బరువు లేదు. వెనకేమో బోరాలు, హులిగమ్మ, హులిగమ్మ నవ్వు. ఎర్రవంక మీది కల్వర్టు దాటి మిట్ట ఎక్కుతుంటే ట్రాలీ ముందుకు చాచిన ఇనుప మూతి పైకి లేవడం మొదలుపెట్టింది. స్క్రూడ్రైవరు టక్కుమని ఎగిరి తుమ్మచెట్లలో పడింది.

ట్రాక్టరు ముందుకు పోయింది. ట్రాలీ వెనక్కి బయలుదేరింది.

వెనక మిట్ట దిగువన కాశప్ప ఆటో, కిక్కిరిసిన జనంతో వస్తోంది. దాని వెనక అడ్డుగోడ లేని కల్వర్టు. ట్రాలీ మూతి ఆకాశంలోకి లేచింది. ఆడవాళ్లు కేకలు పెడుతూ బోరాలను కావలించుకున్నారు. వెనక అంచున ఉన్న కవిత కాళ్లు గాలిలో వేలాడాయి.

"అమ్మా!"

శ్రీశైలమ్మ కళ్లు తెరిచింది. ముందుగా కనబడింది అల్లుడి వీపు. ట్రాలీ బరువు వదిలిన ట్రాక్టరు మిట్ట మీదికి దూసుకుపోతుంటే, అది తన డ్రైవింగు మహిమ అనుకుని ఈరేష్ బానెట్టును శభాష్ అని తడుతున్నాడు. పాటకు తల ఊపుతున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

శ్రీశైలమ్మ మూతి కుడిపక్కకు తిరిగింది. కింది పెదవి ముందుకు వచ్చింది.

ముందు ఆ వీపును అసహ్యించుకుంది. ట్రాలీ మూతి ఆకాశంలో ఆగింది. పటం మెడలో గొలుసును, గూట్లో పిన్నును, నలగకుండా పచ్చగా ఉన్న అరటిపిలకలను అసహ్యించుకుంది. మూతి కిందికి వంగింది. పరుపు దొరికిందని ఎక్కిన హులిగమ్మను, మొగుడి పరువు కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్న కూతురిని అసహ్యించుకుంది. మూతి నేలను తాకి, తారు మీద నిప్పులు చిమ్ముతూ ఈడ్చుకుపోయింది. ఐనా ట్రాలీ ఆగలేదు. కాశప్ప ఆటో హారన్ చెవుల్లో పడుతోంది.

అప్పుడామెకు తాను గుర్తొచ్చింది. అన్నీ తెలిసి, ఆ రంధ్రంలోకి కళ్లారా చూసి, నోరు మూసుకుని ఎక్కి గుగ్గిళ్లు తల్చుకున్న శ్రీశైలమ్మ. థూ అనుకుంది.

ఆ ఒక్క థూకు ట్రాలీ మూతి తారును చీల్చి, కంకరను చీల్చి, నల్లరేగడిని చీల్చి దిగబడింది. ఎమ్మిగనూరులో మగ్గాలు ఒక పోగు తప్పాయి. ఆదోనిలో రైలు ప్లాట్‌ఫారం మీద టీ గ్లాసులు గలగలమన్నాయి. ట్రాలీ ఆగింది.

వెనక అంచుకు, కాశప్ప ఆటో అద్దానికి మధ్య చీపురుపుల్ల పట్టేంత సందు మిగిలింది. కాశప్ప తల బయటికి పెట్టాడు.

"హారన్ కొడతాండా గదమ్మా, కొంచెం ముందే ఆపుకోవద్దా?"

మిట్ట మీద వెనక్కి తిరిగి చూసిన ఈరేష్ పాట ఆపి, ట్రాక్టరును వదిలి పరుగెత్తుకొచ్చాడు. దిగబడిన మూతిని, ఇంకా బోరాను వదలని కవితను చూశాడు.

"అత్తా, దిగు. ట్రాలీ పైకి లాగల్ల."

"దిగలేనప్పా. బరువుండాను."

కాశప్ప బీడీ ముట్టించాడు. "ఈరేషూ, ఆమెకు నీ మీద కొంచెం మర్యాద పుట్టే పని ఏదన్నా చెయ్ నాయనా. మాకు పొద్దుబోతాంది."

ఈరేష్ రోడ్డు మీద సాష్టాంగపడ్డాడు. "అత్తా, నువ్వు దేవతవు!" ట్రాలీ ఇంకొక జానెడు దిగింది.

"పొగడొద్దురా సామీ!" అని ఆటోలోని జనం అరిచారు.

"ఆ స్క్రూడ్రైవరు మంచి కంపెనీదే అత్తా, రోడ్డే బాగలేదు," అన్నాడు ఈరేష్. ఇరుసు మూలిగింది.

ఈరేష్ దుమ్ము దులుపుకుని లేచాడు. మిగతా ఆడవాళ్లనందరినీ చెయ్యిచ్చి దించి చెట్టు నీడన కూర్చోబెట్టాడు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. జనాన్ని బతిమాలి దించి, కాశప్ప ఆటోలో ఇంటికి పోయాడు. పున్నమి ఇంకా దూరంగానే ఉంది. దేవుని గూటి ముందు చెంపలేసుకుని, పిన్నును తీశాడు. క్లిప్పును తీశాడు. అమ్మవారి మెడలో గొలుసును తీసి, దాని జాగాలో తన కొత్త తువ్వాలు వేసి వచ్చాడు.

వచ్చి ఒక్కడే వెనకున్న బోరాలను భుజాన మోసి ముందుకు సర్దాడు. అడ్డొచ్చిన అరటిపిలకలను పెరికి పారేశాడు. ఎర్ర బిళ్లల మీది పసుపును పండుగ చొక్కాతో తుడిచాడు. పని జరిగేకొద్దీ ట్రాలీ మూతి నేలలోంచి కొంచెం కొంచెంగా పైకి వచ్చింది. ఎవరూ దాని వంక చూడలేదు, అందరూ నీళ్ల సీసా కోసం తగువులాడుకుంటున్నారు.

ట్రాక్టరును వెనక్కి తెచ్చి, పిన్ను గుచ్చాడు. క్లిప్పు పెట్టాడు. గొలుసు అడ్డంగా చుట్టాడు. చేతులు తుడుచుకుంటూ రెండడుగులు పోయాడు. ఏమనుకున్నాడో, మళ్లీ వెనక్కి వచ్చి, వంగి, క్లిప్పును ఇంకొకసారి లాగి చూశాడు.

శ్రీశైలమ్మ గబుక్కున దిగింది. ఆమె దిగినట్టు ట్రాలీకి తెలియలేదు.

"ఆటోలో జాగా ఉందా కాశప్పా?" అంది. "ట్రాలీ మీద మనుషులెక్కేదేంది, పత్తా మేము?"

కాశప్ప ఆమె మూతి చూశాడు. కవిత పక్కన, హులిగమ్మ పక్కన, నలుగురి మధ్య ఇరికించాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో పొద్దున్నే ఒక పని జరుగుతుంది. ఈరేష్ పెరట్లో ట్రాలీ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేస్తాడు. శ్రీశైలమ్మ వచ్చి కాఫీ గ్లాసుతో కూర్చుంటుంది. వాడు పిన్ను, గొలుసు, టైర్లలో గాలి చూసుకుని ట్రాక్టరెక్కి, ఆ కుర్చీ కాళ్ల వంక చూస్తాడు. మట్టిలో కొంచెం దిగినా సరే, ఏమీ అడగకుండా కిందికి దిగి, తాను దేన్ని మరిచాడో వెతుక్కుంటాడు. దిగకపోతేనే తాళం తిప్పుతాడు.

ఊళ్లోవాళ్లు ఆ సంగతి చెప్పుకుని నవ్వుతారు. ఈరేష్ యాడికీ పోలేదు.