పులుపు మన్ను

మేడమీద మొక్కలకు నీళ్ళు పోస్తూ వచ్చిన పనిమనిషి కాశమ్మ బ్లూబెర్రీ కుండీ దగ్గర చెయ్యి ఆపేసింది. ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలి, ఆకులన్నీ పాలిపోయాయి. నిన్న బాగున్న కొమ్మ కూడా ఇవాళ తల వేలాడేసింది.

మద్దిలపాలెంలో ఆ మొక్కున్న మేడ అదొక్కటే. స్టీల్‌ప్లాంటులో రిటైరైన నరసింహమూర్తిగారు, మంచంపట్టిన భార్య కోసం తెప్పించారు. టీవీలో చూసి, "ఆ నీలం పళ్ళు మనింట్లో కాస్తాయా?" అని భ్రమరాంబగారు ముచ్చటపడ్డారంతే, ఆయనకు పూనకం వచ్చింది. దానికి మామూలు మట్టి పనికిరాదట, పులుపు మన్ను కావాలట. మన్ను పుల్లగా లేకపోతే మొక్కకు ఇనుము అందదట. కొబ్బరిపొట్టు, సరుగుడు తోటలో రాలిన ఆకు, కాస్త గంధకం నర్సరీ గోపి చేత కలిపించి, వాననీళ్ళు పట్టి పోయించేవారు. "సింతపండు పులుసు పోత్తే సాలదేటి బాబూ?" అని కాశమ్మ నవ్వేది.

ఆ కాశమ్మే శుక్రవారం శుక్రవారం కుండీకి పసుపు రాసి, మట్టిమీద చిన్న ముగ్గు పెట్టేది. మొక్క కాసేనాటికి మంచంలోని అమ్మ లేచి తిరగాలని సింహాచలం అప్పన్నకు మొక్కుకుంది. మర్నాడు పోసిన నీళ్ళతో ముగ్గు మట్టిలోకి ఇంకిపోయేది. మోకాళ్ళ నొప్పులతో అయ్యగారు మేడెక్కడమే అరుదు.

కాశమ్మ పిలిస్తే ఇవాళ ఎక్కారు. మట్టిని నీళ్ళలో కలిపి, పులుపు తేల్చే రంగుకాగితం ముంచి చూశారు. మొహం మాడిపోయింది.

"ఇందులో సున్నం కలిసింది కాశమ్మా. పులుపంతా పోయింది."

"సున్నవంటే, గోడకేసీదేనా బాబూ?"

"అదే కానక్కర్లేదు. ముగ్గుపిండైనా ఒకటే, సున్నపురాతి పొడే కదా. ఇది ఆ నర్సరీ గోపి పనే. ఇంక వాణ్ణి నా గుమ్మం తొక్కనివ్వను."

కాశమ్మ తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయింది. గోపి ఏ పాపం ఎరగడు. ఆ సరుగుడు ఆకు కోసం భీమిలి దాకా పోయి మోసుకొచ్చినవాడు. "బాబూ, నాను..." అనబోయింది. అయ్యగారు అప్పటికే ఫోనులో గోపిని దులిపేస్తున్నారు. ఆమె గబగబా కిందికి దిగిపోయింది.

అంట్లు తోముతున్నా, బట్టలు ఉతుకుతున్నా అదే గుబులు. దేవుడి పేరు చెప్పి తానే ఆ మొక్కకు విషం పెట్టింది, తిట్లు మాత్రం ఇంకొకడు తింటున్నాడు. అయ్యగారికి చెప్పే ధైర్యం లేదు. అమ్మకైతే చెప్పొచ్చు. అమ్మ ముందు కోప్పడినా, తర్వాత ఆయనకు నచ్చచెబుతుంది.

మధ్యాహ్నం అయ్యగారు హాల్లో కునుకు తీస్తుండగా, కాశమ్మ అమ్మ మంచం పక్కన కూలబడింది. తలెత్తకుండానే మొదలుపెట్టింది.

"అమ్మా, గోపిది తప్పునేదు. ముగ్గు నానే ఎట్టాను. నీకు బాగవ్వాలనే ఎట్టాను. మొక్కకి పడదని నాకేటి తెలుసు? సచ్చిపోతందమ్మా అది. నువ్వే అయ్యగారికి సెప్పాల."

అమ్మ పలకలేదు. కోపమొచ్చిందేమోనని కాశమ్మ ఆమె పాదాలు పట్టుకుంది. అవి చల్లబడి ఉన్నాయి.

సాయంత్రానికి ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. పూలదండతో వచ్చిన గోపి గుమ్మం తొక్కలేక గేటు బయటే నిలబడ్డాడు. కాశమ్మ అతని మొహం చూడలేకపోయింది. అయ్యగారి దగ్గరికి రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ ముగ్గు మాట ఎత్తకుండానే వెనక్కి వచ్చింది.

అమ్మను కింద పడుకోబెట్టాక, పక్కబట్టలు తీయమని ఎవరో పురమాయించారు. దిండు ఎత్తితే కింద, పిట్టలు కొరకకుండా పళ్ళకు తొడగడానికి పాత దోమతెర గుడ్డతో అమ్మ కుడుతున్న చిన్న సంచి ఉంది; మూతి దగ్గర, సగంలో ఆగిన కుట్టులో, సూది అలాగే గుచ్చి ఉంది.