ఎక్కని ఓడ

"మీరు చెబితే వింటుంది మేడమ్. మీ తెలుగమ్మాయే కదా" అన్నాడు మా ఆఫీసరు.

ఈ దీవుల్లో, హాడో రేవు పక్కన మా ఆఫీసు. వచ్చే వారం ఇన్‌స్పెక్షన్. మా టైపిస్టు అరుణకుమారికి సెలవు మంజూరైంది, మర్నాటి ఓడకి వైజాగు టికెట్టుంది. టెక్కలిలో వాళ్ళ అమ్మమ్మకి బాగాలేదు. టికెట్టు రద్దు చేసుకోమంటే "కుదరదు సార్" అందట. ఒప్పించే పని నాకు అప్పజెప్పాడు. "అలాగే సార్" అన్నాను. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో అన్నిటికంటే ముందు నా నోటికొచ్చే మాట అదే.

అరుణ జంగ్లీఘాట్ పిల్ల, ఇక్కడే పుట్టింది. చేరి రెండేళ్ళయింది. ఐదు కాగానే సంచి భుజాన వేసుకుని లేస్తుంది. చేరిన కొత్తలో మీటింగుకి టీ పెట్టమంటే "నేను టైపిస్టుని సార్" అంది. ఆ టీ నేను పెట్టాను. పెడుతూ ఆ పిల్లని తిట్టుకున్నాను తప్ప ఆయన్ని కాదు. ఇంటికెళ్ళి మా ఆయన రమణయ్యతో చెబితే, "ఈ కాలం వాళ్ళకి భయం లేదు. నువ్వు కాస్త నేర్పు" అన్నాడు, కూర వడ్డించమని కంచం ముందుకు జరుపుతూ. నేర్పడానికి నా దగ్గర మాత్రం ఇంకేముంది, ఆ భయమే.

అరుణ బల్ల దగ్గరికెళ్ళాను. "ఓడదేముందమ్మా, వచ్చే నెల ఇంకోటుంటుంది. అక్కడ మీ మామయ్యలు లేరా చూసుకోడానికి?"

ఆ మాటలు నావి కావు. పదిహేడేళ్ళ కిందట ఇంకో ఆఫీసరు నాతో అన్నవి.

అరుణ కోపపడలేదు. "నన్నే అడుగుతోందంట ఆంటీ. ఫైళ్ళన్నీ సర్దేశాను. ఛుట్టీ ఇచ్చి మళ్ళీ వద్దంటే ఎలా? మీకెప్పుడూ ఇలా జరగలేదా?"

జరిగింది. సోంపేటలో మా అమ్మ మంచం పట్టింది. సెలవుంది, టికెట్టుంది, పెట్టె కూడా సర్దుకున్నాను. "మీరు లేకపోతే ఇన్‌స్పెక్షన్ గట్టెక్కదు" అన్నాడు ఆ ఆఫీసరు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నాకు గర్వంగా అనిపించింది. నేను లేకపోతే జరగదని ఇంట్లో ఒక్కరూ ఎప్పుడూ అనలేదు, నేను లేకుండా ఏదీ జరగకపోయినా. "కాదంటే నికోబారుకి బదిలీ చేస్తాడు, ఇల్లెవరు చూస్తారు?" అన్నాడు రమణయ్య. "మీ అమ్మ గట్టి మనిషిలే" అంది అత్త. టికెట్టు వెనక్కిచ్చేశాను. ఓడ బయల్దేరుతూ వేసిన కూత ఆఫీసు కిటికీలోంచి వినబడింది. టైపు ఆపలేదు. పదకొండో రోజున టెలిగ్రాం వచ్చింది. తర్వాతి ఓడకి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

"వెళ్ళమ్మా" అన్నాను అరుణతో. "నేనడిగింది మర్చిపో."

ఆఫీసరు ఫైల్లోంచి తలెత్తలేదు. "ఒప్పుకుందా?"

"లేదు సార్. నేను మళ్ళీ అడగను."

"అయితే శని, ఆదివారాలు మీరొచ్చి ఆమె పని పూర్తి చెయ్యండి."

"రాను సార్." ఆయనకి వినబడలేదు. మళ్ళీ అనాల్సొచ్చింది. "రాను సార్."

ఆయన ఫైల్లో ఇంకో పేజీ తిప్పాడు. అంతే. నన్ను బదిలీ చెయ్యలేదు, అరవలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. సంతోషం రాలేదు. ఇంత చిన్న మాటా అమ్మా, అనుకుంటే ఏడుపొచ్చింది. దారిన పోయేవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేకపోయాను.

కళ్ళు తుడుచుకుని సోంపేటలో ఉన్న తమ్ముడు జోగులుకి ఫోన్ చేశాను.

"ఏంటక్కా, ఆఫీసు టైములో? అందరూ బాగున్నారా?"

"బాగున్నాం. అమ్మ పోయినప్పుడు తుఫానుకి ఓడ ఆగిపోయిందని నీకు చెప్పాను కదరా."

"అవునక్కా. ఇప్పుడెందుకది?"

"తుఫాను లేదురా తమ్ముడూ. ఓడ వెళ్ళింది. నేనే ఎక్కలేదు."