దిగువపేట పదకొండు ఇళ్ళు

నత్తలంకలో చర్చి ముందున్న ఖాళీ జాగాలో ఆడవాళ్ళు తమ ఊరిని ముగ్గుతో గీస్తున్నారు. అది 2007 జనవరి. కిందటేడు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశాక లంక ఊళ్ళలో చాలామందికి పని పోయింది. ఏ ఊళ్ళో ఎవరు బీదవాళ్ళో, ఎంత బీదవాళ్ళో ఊరివాళ్ళ నోటే చెప్పించి, దాన్ని బట్టి రోడ్డయినా, మంచినీళ్ళయినా, గట్టయినా ఏ ఊరికి ముందు ఇవ్వాలో తేల్చమని పైనుంచి ఉత్తర్వులు వచ్చాయి. ఆ పని మీద మండల ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు అనంతరామయ్య, గణాంకాలు చూసే అధికారి, రిటైర్మెంటుకి ఏడాదిన్నర ఉంది. రోజూ తాడేపల్లిగూడెం నుంచి వచ్చి వెళ్తుంటాడు. రెండో మనిషి సిల్వియా, ఏలూరు అమ్మాయి. సర్వే కోసం ఆర్నెల్ల క్రితమే చేరింది.

వీధులకి ముగ్గు, రోడ్డుకి ఇటుకపొడి, కొల్లేటికి నీలిమందు. కలిగినవాళ్ళ ఇంటికి గులకరాయి, లేనివాళ్ళకి కందిగింజ, బొత్తిగా ఏమీ లేనివాళ్ళకి చింతగింజ. సిల్వియా చెప్పిన పద్ధతి ఆడవాళ్ళకి చిటికెలో పట్టుబడింది. ఎవరిల్లు ఏ గింజో వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు, నవ్వుకున్నారు. అనంతరామయ్య కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఇలాంటివి ఆయన ఎన్నో చూశాడు.

ఊరు పూర్తయింది. అప్పుడు డెబ్బై ఏళ్ళ మరియమ్మ లేచి, కొంగు బొడ్లో దోపుకుని, నీలిమందు పోసిన చోటికి నడిచింది. నీలం మీద తెల్లటి ముగ్గుతో ఒక వీధి గీసింది. దాని పక్కన వంగి ఒక్కొక్కటిగా చింతగింజలు పెట్టింది. పదకొండు.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు వెనక్కి జరిగి ఆవిడకి చోటిచ్చారు.

"అమ్మా, అక్కడ కొల్లేరు కదండీ?" అంది సిల్వియా.

"ఆయ్. కొల్లేరేనండి."

"మరి ఇళ్ళు పెట్టారు?"

"ఇళ్ళూ ఉన్నాయండి. దిగువపేట."

ఆ పేరు అనంతరామయ్యకి తెలిసిన పేరులా తోచింది. ఎక్కడ విన్నాడో ఆయనకి వెంటనే తెలియలేదు. తర్వాత ఒక్కొక్కటే గుర్తుకు రాసాగింది. ఇదే చర్చి. ఇదే వేపచెట్టు నీడ, అప్పుడు చిన్నది. 1981లో ఇళ్ళ జాబితా రాయడానికి వచ్చి ఆయన ఇక్కడే కూర్చున్నాడు. ఊరంతా రాశాక ఎవరో అన్నారు, దిగువపేటలో ఇంకా కొన్ని గుడిసెలున్నాయి, దోనె మీద వెళ్ళాలని. ఎండ మండిపోతోంది. దోనె ఎంతకీ రాలేదు. మర్నాడు ఆదివారం. ఆయన పుస్తకం తెరిచి, దిగువపేట అన్న గడిలో "నివాసాలు లేవు" అని రాసి, మూడు గంటల బస్సు పట్టుకున్నాడు.

"ఆ ఇళ్ళు ఏమయ్యాయి?" అని అడిగాడు.

మరియమ్మ ఆయన వంక చూడలేదు. గింజలు సర్దుతూ చెప్పింది. "గాలివాన వచ్చిన ఏడు సర్కారువారు పడవలు పంపించారు బాబుగారూ. లిస్టు ప్రకారం పంపించారు. మా ఊరికి నాలుగొచ్చాయి. దిగువపేట లిస్టులో లేదండి. తెల్లారి మేం వెళ్ళేసరికి నీళ్ళే ఉన్నాయి."

సిల్వియా కలం ఆగిపోయింది.

"ఎవరొచ్చినా చెప్తామండి," అంది మరియమ్మ. "రాసుకుంటారు. ఆఫీసుకెళ్ళి కొట్టేస్తారు."

"వాళ్ళకి ఇప్పుడు ఏం కావాలమ్మా?" అన్నాడు అనంతరామయ్య.

"ఏవీ అక్కర్లేదండి. రాస్తే చాలంట."

"చాలంట అని ఎవరన్నారు?"

మరియమ్మ మిగిలిన చింతగింజలు చాటలో వేసుకుని వెళ్ళి గుంపులో కూర్చుంది.

సర్వేలో ఒక నియమం ఉంది. చింతగింజ పెట్టిన ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్ళి, ఫారం నింపి, వేలిముద్ర తీసుకోవాలి. సిల్వియా చార్టు మీదికి పటం ఎక్కిస్తూ, "ఈ పదకొండూ వదిలేద్దాం కదండీ సార్," అంది.

"లేదమ్మా," అన్నాడు అనంతరామయ్య. "రేపు పొద్దున్నే నేను వెళ్తాను."

మర్నాడు ఏడింటికి ఆయన మత్తయి తాటిదోనెలో కూర్చున్నాడు. మత్తయి మరియమ్మ తమ్ముడు, మాట తక్కువ మనిషి. ఆ దోనెలో ఇద్దరికే చోటు. సిల్వియా గట్టు మీద నిలబడిపోయింది. పది బారలు వెళ్ళేసరికి గట్టూ సిల్వియా మంచులో కలిసిపోయారు.

అంత మంచు ఆయన ఎప్పుడూ చూడలేదు. పాలలో పడవ వేసినట్టుంది. గెడ నీళ్ళలో దిగిన చప్పుడు, తీసినప్పుడు చుక్కలు రాలిన చప్పుడు, అంతే. కిక్కిస దుబ్బులు పక్కకు వచ్చి, ఒళ్ళు రాసుకుని పోతున్నాయి. గుర్రపుడెక్క ఒకచోట దట్టంగా పరుచుకుని, చటుక్కున ఆగిపోయింది. ఆ తర్వాత నీళ్ళ మీద ఒక్క ఆకు కూడా లేదు. ఎవరో ఊడ్చి కళ్ళాపి చల్లినట్టుంది.

మత్తయి గెడ పాతి దోనె ఆపాడు. "వచ్చేశామండి."

"ఇక్కడ ఏముందయ్యా?"

"అడగండి బాబుగారూ. గట్టిగా అరవక్కర్లేదు." అంటూనే తలకు తువ్వాలు చుట్టుకుని, వీపు ఇటు తిప్పి కూర్చున్నాడు.

అనంతరామయ్యకి సిగ్గనిపించింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసు చేసినవాడు, నీళ్ళ మధ్య కూర్చుని ఎవర్ని అడగాలి? అయినా ఒళ్ళో అట్ట పెట్టుకున్నాడు, ఫారం తీశాడు. మొదటి గడి చదివాడు.

"ఇంటి పెద్ద పేరు?"

నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. ఎక్కడో గూడబాతు ఒకటి రెక్కలు కొట్టుకుంది. అంతలో తాటాకు మంట వాసన వచ్చింది. గంజి వార్చిన వాసన.

"కనకరత్నం అండి," అంది ఒక ఆడగొంతు.

దగ్గర్నుంచే వచ్చింది. పొయ్యి దగ్గర పని మానకుండా మాట్లాడే మనిషి గొంతులా, మామూలుగా ఉంది. కాకపోతే ఆయన మోకాలి ఎత్తు నుంచి వచ్చింది.

ఆయన మత్తయి వంక చూశాడు. మత్తయి వీపు కదల్లేదు. భుజాలు మాత్రం చలికి వణుకుతున్నాయి.

దిగి పరుగెత్తడానికి నేల లేదు. చెయ్యి అలవాటుగా రాసింది. కనకరత్నం.

"ఇంట్లో ఎంతమంది?"

"అయిదుగురం అండి."

"రేషను కార్డు?"

"లేదండి."

"మంచినీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చుకుంటారు?"

ఈసారి కొంచెం ఆలస్యమైంది. సన్నగా నవ్వింది ఆమె. "ఇక్కడ మంచినీళ్ళు లేవండి."

రెండో ఇల్లు, మూడో ఇల్లు. మత్తయి ఏమీ చెప్పకుండానే గెడతో దోనెను ఒక్కో బార ముందుకు నెడుతున్నాడు. ఒకచోట ముసలాయన దగ్గుతూ జవాబు చెప్పాడు. ఒకచోట ఎవరో చంటిపిల్లని ఊరుకోబెడుతూ చెప్పారు. ఒక ఇంటి దగ్గర కోడి కూసింది, అదీ కింద నుంచే. ఆయన అక్షరాలు మాత్రం గుండ్రంగానే పడుతున్నాయి.

పదకొండో ఇంటి దగ్గర మగగొంతు పలికింది. "వీర్రాజండి. పేటకి పెద్దని."

"ఎంతమంది వీర్రాజుగారూ?" ఇంతకుముందెన్నడూ ఆయన ఫారం రాస్తూ ఎవర్నీ గారూ అనలేదు.

"నలుగురం అండి. అయ్యగారూ, ఆ రోజు మీకోసం ఎదురు చూశామండి. కబురు ఆలస్యంగా అందింది. దోనె కడిగి పంపించాం. మీరు వస్తారని అన్నం కూడా వండాం. సాయంత్రం దాకా కూర్చున్నాం."

అందులో కోపం లేదు. అదే ఆయనకి భరించరానిదయింది. తిట్టినా బాగుండేది.

"ఎండగా ఉందని..." అన్నాడు. అంతకుమించి ఆయన దగ్గర మరో కారణం లేదు.

"ఆయ్, ఎండేనండి," అంది ఆ గొంతు, నమ్మకంగా, సర్దిచెబుతున్నట్టు. "ఇప్పుడు రాశారుగా. మొత్తం ఎంతమందిమయ్యామండి?"

ఆయన కాగితాలు తిప్పి లెక్కపెట్టాడు. "నలభై ముగ్గురు."

గొంతు ఆలోచించింది. చుట్టుపక్కల నుంచి ఇంకేవో గుసగుసలు, వాళ్ళలో వాళ్ళు అడిగి తెలుసుకుంటున్నట్టు.

"ఇంకొకరున్నారండి. కనకరత్నానికి. ఆ రాత్రే పుట్టింది, నీళ్ళొచ్చే ముందు. ఆడపిల్లండి. పేరు పెట్టలేదు."

అనంతరామయ్య మొదటి ఫారం మళ్ళీ తీసి, ఐదు కొట్టేసి ఆరు వేశాడు. పేరు గడిలో "పేరు పెట్టలేదు" అని రాశాడు. రాస్తుంటే కళ్ళజోడు మసకబారింది. అది మంచు వల్లే అనుకున్నాడు.

ఎనిమిదిన్నరకి ఎండ పొడిచింది. మంచు చిరుగులు పడి పైకి లేచింది. ఎటు చూసినా నీళ్ళు, నీళ్ళలో తలలు విరిగిన తాటిమోళ్ళు మూడు. తిరుగుదారిలో మత్తయి ఒక్కటే మాట అన్నాడు. "కనకరత్నం మా చిన్నక్కండి. పిల్ల పుట్టిందని మాకు తెలీదు."

గట్టు మీద సిల్వియా కాగితాలు అందుకుంది. చదవకుండా అడుగుకి చూపు పోనిచ్చింది. ప్రతి ఫారం చివరా, వేలిముద్ర గడిలో ఒక తడి మరక ఉంది. అవి ఆరాక సన్నటి ఒండ్రుమట్టి మిగిలింది. మట్టిలో వేలి గీతలు స్పష్టంగా ఉన్నాయి. సిల్వియా సిలువ గుర్తు వేసుకుని, కాగితాలు జాగ్రత్తగా సంచిలో పెట్టింది.

మండలాధికారి గంగాధరరావు చెడ్డవాడు కాదు. ఫారాలన్నీ ఓపిగ్గా చూశాడు.

"ఏవండీ అనంతరామయ్యగారూ, ఈ పదకొండూ కలిపితే నత్తలంక మొదటి స్థానానికి వస్తుంది. కొమ్ములంక రెండోదవుతుంది. కొమ్ములంకలో పురుడొస్తే మంచం మీద మోసుకెళ్తున్నారు. రోడ్డు ఎవరికి ముందు ఇవ్వమంటారు? మన ప్లాను బతికున్నవాళ్ళ కోసం కదండీ."

అనంతరామయ్య రెండు రోజులు ఆలోచించాడు. ఇంట్లో భార్య సీతారావమ్మ అన్నం పెడితే ముద్ద పట్టుకుని కూర్చునేవాడు. "ఏమైందండీ మీకు?" అని ఆవిడ అడిగితే, "ఒకచోటికి భోజనానికి వెళ్ళాల్సింది, వెళ్ళలేదు," అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు.

మూడో రోజు పదకొండిళ్ళనీ లెక్కలోంచి తీసేశాడు. కొమ్ములంకకే రోడ్డు రాశారు. కానీ నత్తలంక నివేదిక చివర ఒక కాగితం తనే చేత్తో రాసి కుట్టాడు. అందులో నలభై నలుగురి వివరాలూ వరసగా ఉన్నాయి. కింద ఇలా రాశాడు: "1981లో ఈ పేటకి నేను వెళ్ళలేదు. వెళ్ళకుండానే నివాసాలు లేవని రాశాను. తర్వాత గాలివానలో ఆ జాబితా చూసే పడవలు పంపారు." సంతకం పెట్టి తేదీ వేశాడు.

"ఇది పంపితే మీ మీద విచారణ వేస్తారండి," అన్నాడు గంగాధరరావు మెల్లగా.

"వెయ్యనివ్వండి. అడిగేవాళ్ళు ఉండాలి కదా."

విచారణ ఏమీ రాలేదు. ఆ కాగితం ఏ బీరువాలో పడిందో ఎవరికీ తెలియదు. అయితే అనంతరామయ్యకి నిద్ర పట్టకుండా చేసింది వేరే ఆలోచన. "నివాసాలు లేవు" అని ఆయన రాసింది ఒక్క దిగువపేటకేనా? పాత డైరీలు దింపాడు. మెట్టలో పనిచేసినప్పుడు కామవరపుకోట దగ్గర రెండుచోట్ల, పెదవేగి దగ్గర ఒకచోట, అలాగే మధ్యాహ్నం పూట, అలాగే నడవలేక రాసిన గడులు కనిపించాయి. తర్వాత రాసినవాళ్ళు ఆ జాబితానే చూసి రాసుకుంటూ వచ్చారు.

సెలవు పెట్టి బయల్దేరాడు. సిల్వియా, "నేనూ వస్తానండి సార్," అని ఫారాల కట్టతో తోడు వచ్చింది.

కామవరపుకోట దగ్గర ఒకచోట నిజంగానే ఎవరూ లేరు. రాళ్ళూ తుప్పలూ ఉన్నాయి. ఇంకోచోట ఆరిళ్ళు ఉన్నాయి, వాగు అవతల. పెదవేగి దగ్గర పామాయిల్ తోటల వెనక, ట్రాక్టరు దారి ఆగిపోయిన చోట, కూలీల పాకలు పంతొమ్మిది ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం. తోటలో చీకటిగా ఉంది. చెట్ల మట్టలు పైన కలిసిపోయి, ఎండ పడనివ్వడం లేదు. ఒక్క పాక ముందూ మనిషి లేడు. అన్ని తలుపులూ ఓరగా తెరిచి ఉన్నాయి.

"ఎవరండీ ఇంట్లో?" అని పిలిచాడు.

"ఉన్నామండి," అంది లోపల్నుంచి ఆడగొంతు.

సిల్వియా ఫారం తీసింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. కాళ్ళ కింద ఎండుటాకులు తడిగా ఉన్నట్టనిపించి వంగి చూసుకున్నాడు. పొడిగానే ఉన్నాయి.

"ఒకసారి బయటికి వస్తారా అమ్మా?" అన్నాడు.

లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడయింది. ఆయన గడప వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తలుపు కిర్రుమంది. పాతికేళ్ళ అమ్మాయి, చంకలో పిల్లతో, పిండి చేతులు తుడుచుకుంటూ గడప దాటింది. మట్టల సందులోంచి పడుతున్న ఎండచుక్క ఆమె పాదాల మీద పడింది. ఆమె నీడ నేల మీద పడింది.

ఆయన కుదుటపడి, "కూర్చోండమ్మా," అన్నాడు. "మీ పేరు?"

ఆ పంతొమ్మిది ఇళ్ళూ, వాగు అవతలి ఆరూ ఆ ఏడాది మార్చికి జాబితాలో చేరాయి. జాబితాలో చేరాయి కాబట్టి పాకల దగ్గర వేసవిలో బోరు పడింది. వాగు మీద కల్వర్టుకి ఇంకా రెండేళ్ళు పట్టింది. అనంతరామయ్య అప్పటికి రిటైరయ్యాడు. ఆ ఏడాదిన్నరలోనూ ఆయన ఏ ఊరు వెళ్ళినా ఒక పద్ధతి పాటించాడు. వాకిట్లో నిలబడి పిలిచేవాడు. లోపల్నుంచి ఎంత స్పష్టంగా పలికినా, మనిషి గడప దాటి వెలుగులోకి వచ్చేదాకా కలం మూత తీసేవాడు కాదు. ఎంత మర్యాదండీ ఈయనకి అనుకునేవారు జనం. ఎందుకలా చేస్తాడో సిల్వియాకి తెలుసు. ఆమె కూడా అలాగే నిలబడేది, ఆయన వెనకాల, చేతిలో ఖాళీ ఫారంతో.