వేపకొమ్మల లోపల

మా రేవులో ఒక కట్టుబాటు ఉంది. కొత్తనీళ్లు వచ్చి జలాశయం ఒడ్డున గడ్డి మునిగితే, చేపలు గుడ్లు పెట్టడానికి ఆ గడ్డిలోకే వస్తాయి. అప్పుడు గడ్డి అంచున కర్రలు పాతి వేపకొమ్మలు కడతాం. వాటి లోపల వల వేస్తే ఆ వల నలుగురిలో కాల్చేస్తాం. గుడ్లు పగిలి చేపపిల్లలు లోతుకు ఈదేదాకా ఆత్మకూరు సంతలో నా చేపల గంప సగానికే నిండుతుంది.

ఈసారి మా రేవులో చేపలు పట్టే వీరభద్ర కట్టు తప్పి కొమ్మల లోపల వల వేశాడు. కూతురికి జ్వరం, ఇంట్లో గింజ లేదు. అయినా రేవు పెద్దగా మా ఆయన ఓబుళేశు అతని వల మీద కిరసనాయిలు పోసి అంటించాడు.

వారం తిరగకముందే ఆనకట్ట దగ్గర కరెంటు కోసం నీళ్లు వదిలారు. పొద్దున్నే చూస్తే వేపకొమ్మలు బురదలో నిలబడి ఉన్నాయి. గడ్డికి అంటుకున్న గుడ్లు ఎండలో సగ్గుబియ్యంలా ఎండిపోతున్నాయి.

ఓబుళేశు ఆనకట్ట ఇంజనీరుకు ఫోన్ చేశాడు. "సార్, గడ్డిలో గుడ్లు ఉండాయి. కొన్నాళ్లు నీళ్లు ఆపండి సార్."

"నీ చేపల కోసం ఊళ్లకు కరెంటు ఆపాలా? పైన వానలు పడుతున్నాయి, మళ్లీ నిండుతుందిలే."

నిండింది, నిజమే. ఆదివారానికి గడ్డి మళ్లీ మునిగింది, కుళ్లి కంపు కొట్టింది. నీళ్లు తిరిగొస్తే గుడ్లు తిరిగొస్తాయా? పురిటింట్లోంచి బాలింతను బయటికి ఈడ్చి, మళ్లీ తలుపు తీశాం కదా అంటే సరిపోతుందా? ఆ ఆనకట్ట వాళ్లకు కావలసింది నీటి మట్టం. అందులో ఏం బతికుందో, ఏం చచ్చిందో ఎవడికి పట్టింది!

ఆ సాయంత్రం వీరభద్ర మా వాకిట్లోకి వచ్చాడు.

"ఓబుళేశప్పా, నేను ఒక్క వల ఏసినందుకు కాల్చినారు. న్యాయమే. గడ్డిలో గుడ్లన్నీ సంపినోళ్లది ఏం కాలుస్తావప్పా?"

మా ఆయన లోపలికి పోయి తన వల తెచ్చి అతని భుజాన వేశాడు. "యాడన్నా ఏసుకోప్పా. ఇంగ ఆ గడ్డిలో కాపలా కాయడానికి ఏముండాది?"

వీరభద్ర తన గుండ్రటి పుట్టి పడవ ఎక్కాడు. గడ్డి పక్కనుంచే పోయాడు. కుళ్లిన గడ్డి, ఒక్క చేపపిల్ల లేదు, అడిగేవాడూ లేడు. అయినా వేపకొమ్మలు దాటి, బయట లోతు నీళ్లలోనే వల విసిరాడు.